టానిక్ పోయని బళ్ళు

సీసా మూత తిప్పేముందు ఆమె ఒకసారి వెనక్కి చూసింది.

అన్నయ్య గ్యారేజీ ముందు గదిలో ఫోను మాట్లాడుతున్నాడు. గాజు తలుపులోంచి అతని వీపు మాత్రమే కనిపిస్తోంది. పక్క షెడ్డులో నిదానం బాబాయ్ ఒక ముసలి వ్యాను కింద పడుకుని ఉన్నాడు. చెప్పులు తప్ప మనిషి బయట లేడు. టాక్సీ డ్రైవరు టీ తాగడానికి రోడ్డు దాటాడు.

చటుక్కున మూత విప్పి అట్టపెట్టెలో పడేసింది. వాడిన ప్రతి సీసా మూతా ఆ పెట్టెలో పడాలి, నెలాఖరున కంపెనీ వాళ్ళు వచ్చి లెక్కపెట్టి పట్టుకెళతారు. సీసాని మాత్రం టాక్సీ వైపు తీసుకెళ్ళలేదు. మూల నిలబెట్టిన పాత ఆయిలు డ్రమ్ము దగ్గరికి నడిచి, దాని మీది రేకు పక్కకి జరిపి, సీసాని తలకిందులు చేసింది. ఎర్రటి చిక్కటి ద్రవం గుడగుడమంటూ దిగి, నల్లటి మడ్డిలో మాయమైపోయింది. పన్నెండు సెకన్లు. నాలుగు నెలలుగా రోజుకి రెండు మూడు సార్లు చేస్తున్న పని కాబట్టి అంతకన్నా పట్టదని ఆమెకు తెలుసు.

ఖాళీ సీసాతో బానెట్ దగ్గర నిలబడేసరికి డ్రైవరు వచ్చేశాడు. మామూలు మాటే నాలుగు వీధులకి వినిపించేలా మాట్లాడతాడని అతన్ని అందరూ హారన్ అంటారు.

టానిక్ పోసేశావా డాక్టరమ్మా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా ఖాళీ సీసా చూపించింది. అతను దాన్ని చూసి తృప్తిగా తలూపాడు. ఇంజిన్ ఆయిల్లో ఆ టానిక్ పడ్డప్పటినుంచి తన బండి మెత్తగా నడుస్తోందని, గేరు మారిస్తే వెనక కూర్చున్నవాళ్ళకి తెలియడం లేదని, స్టాండులో అందరికీ అదే చెబుతున్నానని అన్నాడు. అతను ఆ మాట చెప్పడం ఇది మూడోసారి. అతని బండిలో టానిక్ పడకపోవడం కూడా మూడోసారే.

ఇంజిన్ స్టార్ట్ చేయమని ఆమె సైగ చేసింది. జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొనని ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుంది. కళ్ళు మూసుకుంది. టాపెట్లు, చైను, కింద బేరింగులు, ఒక్కొక్క చోటా నాలుగైదు క్షణాలు. ఈ అలవాటు వల్లే ఆమెకి డాక్టరమ్మ అని పేరొచ్చింది. టాక్సీ గుండె నిబ్బరంగా కొట్టుకుంటోంది. వేళకి మంచి ఆయిలు, వేళకి కొత్త ఫిల్టరు. అంతకుమించి ఆ ఇంజిన్‌కి ఎవరూ ఏమీ చేయలేదు.

ఈ సీసాలు మొదటిసారి షెడ్డులోకి దిగిన రోజునే ఆమె అన్నయ్యతో చెప్పింది. ఆయిలు తయారు చేసినవాళ్ళు అందులో వేయాల్సినవన్నీ కొలత ప్రకారం వేసే పంపుతారు, మనం పైనుంచి ఇంకోటి కలపడమెందుకని అడిగింది. నీకు ఇంజిన్ తెలుసు, నాకు షాపు తెలుసు అన్నాడతను. ఆమె మళ్ళీ వాదించలేదు. వాదించకుండా డ్రమ్ము దారి పట్టింది.

స్క్రూడ్రైవరు చెవి మీంచి తీసేసరికి ఎదురుగా టై నిలబడి ఉన్నాడు.

అతను సీసాల కంపెనీ మనిషి. ఎంత ఎండలోనైనా మెడకి టై బిగించుకునే వస్తాడు. అతని చేతిలో ఇవాళ ఒక చిన్న పెట్టె ఉంది, దాన్నిండా బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బీలు. వెనకే అన్నయ్య, మొహం వెలిగిపోతూ.

విషయం అన్నయ్యే చెప్పాడు. చుట్టుపక్కల ముప్పై షాపులకి సరుకు పంపే ఏజెన్సీ మనకే ఇస్తారట. దానికి ముందు ఒక్క పరీక్ష. ఈ నాలుగు నెలలూ టానిక్ వాడిన పది బళ్ళ నుంచి తలా చెంచాడు ఆయిలు తీసి ల్యాబ్‌కి పంపుతారు. శుక్రవారం రిపోర్టు, శనివారం బోర్డు.

"మేం చెబితే నమ్మరు కదా జనం. ఆయిలే చెబుతుంది" అన్నాడు టై.

ఆమె చేతిలో ఉన్న గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది.

"ల్యాబ్‌లో ఏమేం చూస్తారు?"

"అన్నీ చూస్తారు మేడమ్."

అన్నయ్య హుషారుగా ఫోన్లు చేసి బళ్ళు పిలిపించాడు. ఆరు ఆమె చూసేవి, నాలుగు నిదానం బాబాయ్ చూసేవి. టై ఒక్కో బండి డిప్‌స్టిక్ లాగి, ఆ కంతలోంచి సన్నటి గొట్టం దింపి, చేతిపంపు నాలుగుసార్లు నొక్కాడు. గొట్టంలోంచి నల్లటి చుక్కలు డబ్బీలోకి జారాయి. డబ్బీ మీద బండి నంబరు, పక్కన మెకానిక్ గుర్తు. తన ఆరు డబ్బీలూ వరసగా పెట్టెలో కూర్చోవడం ఆమె చూస్తూ నిలబడింది. ఆ ఆరింటిలోనూ వాళ్ళ సరుకు చుక్క కూడా లేదు. ఆ సంగతి శుక్రవారం కాగితం మీదికి ఎక్కుతుంది.

గురువారం ఆమె చేతులు ఆమె మాట వినలేదు. స్పానరు జారి ఒక బోల్టు తల గుండ్రంగా అరిగిపోయింది. ఒక కారుకి ఫిల్టరు పెట్టి, బిగించడం మర్చిపోయి బానెట్ దించబోయింది. ఎప్పుడొచ్చాడో నిదానం బాబాయ్ వచ్చి, బానెట్ కింద చెయ్యి పెట్టి ఆపి, ఫిల్టరుని ముప్పావు చుట్టు తిప్పి బిగించాడు. చెయ్యి తుడుచుకుంటూ తన వ్యాను దగ్గరికి వెళ్ళిపోయాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నాన్న ఉన్నప్పటినుంచి అదే షెడ్డు, అదే నడక. అతను ఒక ఇంజిన్ విప్పేలోపు మిగతావాళ్ళు రెండు బిగిస్తారని నవ్వుకుంటారు గానీ, అతను బిగించిన ఇంజిన్ తిరిగి వచ్చిందని ఎవరూ చెప్పలేదు. అందుకే ఎవరూ ముట్టుకోని బళ్ళన్నీ అతని దగ్గరికే తోస్తారు. రోజంతా ఆగి ఆగి నడిచే పాల వ్యాన్లు, పార్శిల్ బళ్ళు, పొగ తప్ప ఏమీ మిగలని ముసలి కార్లు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పేద్దామనుకుంది. అన్నయ్య కంచం ముందు కూర్చుని కూడా బోర్డు ఎంత పొడుగు రావాలో వేళ్ళతో కొలుస్తున్నాడు. వీధి చివర సోఫాలూ చల్లటి గదులూ ఉన్న పెద్ద సర్వీసు సెంటరు తెరిచాక తమ షెడ్డు ముందు ఎంత ఖాళీ అయిందో ఆమెకి తెలుసు. రెండేళ్ళ తర్వాత ఇవాళే మీ అన్నయ్య అన్నం మారడిగాడు అంది వదిన, గిన్నె జరుపుతూ. ఆ మాటతో ఆమె నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

శుక్రవారం పదకొండింటికి టై వచ్చాడు. ముందు గదిలో టేబుల్ మీద ఒకే ఒక కాగితం పరిచాడు. అన్నయ్య ఆమెనీ బాబాయినీ కూడా పిలిచాడు.

ఆమె కళ్ళు కాగితం మీద గబగబా పరిగెత్తాయి. పది నంబర్లు. ఎదురుగా ఒకటే గడి. ఇనుము. ఇంజిన్ లోపల అరిగి ఆయిల్లో కలిసిన ఇనుప రజను ఎంత ఉందో, అదొక్కటే. పక్కన ఇంకేమీ లేదు. తిప్పి చూసింది. వెనక ఖాళీ. వాళ్ళ సరుకు ఆ ఆయిల్లో ఉందో లేదో వాళ్ళే వెతకలేదు.

మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలింది. ఆ క్షణంలో ఆమెకి నవ్వు కూడా వచ్చింది. తన ఆరు బళ్ళలోనూ ఇనుము చాలా తక్కువ. ఒక్క చుక్క టానిక్ పడని బళ్ళు, టానిక్ గొప్పతనానికి సాక్ష్యంగా కాగితం పైభాగంలో వరసగా నిలబడి ఉన్నాయి. హారన్ టాక్సీ అన్నిటికన్నా పైన.

"మేడమ్ బళ్ళు అద్భుతం. వీటి ఫొటోలే బ్రోచర్లో వేస్తాం" అన్నాడు టై. తర్వాత పెన్ను కిందికి జరిపి చివరి నాలుగు నంబర్ల చుట్టూ ఒక గీత గీశాడు. "ఇవి మాత్రం వేరే సంగతి."

ఆ నాలుగింటిలోనూ ఇనుము మూడింతలు, నాలుగింతలు. నాలుగూ నిదానం బాబాయ్‌వి.

టై గొంతు పెంచలేదు. తమ సరుకు పడిన ఇంజిన్ ఇలా అరగదని, కాబట్టి ఈ నాలుగింటిలోనూ సరుకు పడలేదని, ఇంకో ఊళ్ళోనూ ఇలాగే జరిగిందని చెప్పాడు. మూత పెట్టెలోకి వెళుతుంది, సరుకు ఇంకో సీసాలో సంచిలోకి వెళుతుంది, సాయంత్రానికి ఇంకో షాపులో తేలుతుంది. ఎవరినీ ఏమీ అనడం లేదట. ఈ మనిషి ఉండగా మాత్రం ఏజెన్సీ ఇవ్వడం కష్టమట.

అన్నయ్య కాగితం మీంచి తలెత్తాడు. చిన్నప్పటినుంచి బాబాయ్ అని పిలిచిన నోటితో ఆ పిలుపు లేకుండా అడిగాడు.

"పోశావా, లేదా?"

"పోశాను బాబూ."

"మరి ఈ ఇనుము ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"బళ్ళు ముసలివి. రోజూ వందసార్లు ఆగి కదులుతాయి."

ముసలి బళ్ళ కోసమే కదా మా సరుకు అన్నాడు టై.

నిదానం ఆమె వైపు ఒక్కసారి చూశాడు. కోపంగా కాదు, అడుగుతున్నట్టూ కాదు. షెడ్డులో స్పానరు అందుకునేముందు అది ఉండాల్సిన చోట ఉందా అని చూస్తాడే, అలా. ఆమె నోరు తెరిచింది. చేతిలో గుడ్డ వంక చూసింది. ఆ చూపు కిందికి దించడానికి పట్టిన కాలం పన్నెండు సెకన్లు కూడా ఉండదు. ఆ లోపే అన్నయ్య రేపటినుంచి రావద్దన్నాడు.

బాబాయ్ బయట కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. రంపపు పొట్టు, సబ్బు పొడి కలిపి, మోచేతుల దాకా, గోళ్ళ సందులు కూడా. ఎప్పుడూ కడుక్కున్నట్టే నిదానంగా. పనిముట్ల పెట్టె బరువు, రేపు వచ్చి పట్టుకెళతానని చెప్పి వెళ్ళిపోయాడు.

నాలుగు గంటల దాకా ఆమె ఎవరి బండి ముట్టుకుందో ఆమెకే తెలియదు. నాలుగింటికి చేతులు కూడా కడుక్కోకుండా బయల్దేరింది.

బాబాయ్ ఉండేది ఒక కుట్టు మిషన్ల షాపు మీద రెండు గదుల్లో. తలుపు తీసే ఉంది. నేల మీద పేపరు పరిచి, పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు విప్పి కూర్చున్నాడు. విప్పిన స్క్రూలు విప్పిన వరసలోనే పేపరు మీద బారులు తీరి ఉన్నాయి. పిన్ని లోపల్నుంచి తొంగి చూసి, ఆమె మొహం చూసి, మంచినీళ్ళ గ్లాసు పెట్టి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఒక్క గుక్కలో చెప్పేసింది. తన బళ్ళలో తను ఏనాడూ పోయలేదని. నాలుగు నెలలూ డ్రమ్ములో పారబోశానని. పోసిన మనిషి అతనని, దొంగ అనిపించుకున్నదీ అతనేనని.

"తెలుసు" అన్నాడు బాబాయ్.

ఆమెకి అర్థం కాలేదు.

"డ్రమ్ము ఖాళీ చేసి బండికెత్తేది నేనే కదమ్మా. వాడేసిన ఆయిలుకి మాడు వాసన వస్తుంది. మన డ్రమ్ముకి తియ్యటి వాసన వస్తోంది. ఇంజిన్లోంచి వచ్చినదైతే ఆ వాసన మిగలదు."

"ఎప్పటినుంచి తెలుసు?"

"రెండో నెల నుంచి."

"మరి ఇవాళ ఎందుకు చెప్పలేదు?"

అతను ఒక స్క్రూ తీసి గుడ్డతో తుడిచి, తీసిన చోటే పెట్టాడు. ఇంకొకళ్ళు చేసిన పని గురించి నేను చెప్పడమేమిటన్నాడు. తర్వాత తలెత్తాడు. ముప్పై ఏళ్ళలో ఆమె అతని గొంతులో ఆ పదును విననేలేదు.

"నేనొకటి అడుగుతాను. మీ అన్నయ్యకి చెప్పలేదంటే సరే, అన్నాచెల్లెళ్ళు, మీ తంటాలు మీవి. నాకెందుకు చెప్పలేదు? పక్క షెడ్డులోనే కదా ఉంది నేను."

ఆమె చూపు నేల మీది స్క్రూల మీదికి జారింది.

"అది పనికిరాదని నీకు గట్టిగా తెలుసు. నీ బళ్ళు నువ్వు చూసుకున్నావు. నేను రోజూ పోస్తుంటే చూస్తూ ఉన్నావు. నిదానం గాడికి ఇవన్నీ ఎందుకులే అనుకున్నావా?"

"లేదు బాబాయ్. నేను..."

"నువ్వు పోయకుండా దొరికితే అన్న చేతిలో రెండు చివాట్లు తింటావు. నేను దొరికితే ఉద్యోగం పోతుంది. అందుకే పోశాను. పోసినా అదే పోయింది." మోటారు వైపు తిరిగాడు. "నాకు చెప్పడానికి వచ్చావు. నాకు తెలిసిందే చెప్పావు. తెలియనివాళ్ళు వేరే ఉన్నారు. మంచినీళ్ళు తాగి వెళ్ళు."

ఆమె గ్లాసు ఎత్తి తాగింది. మెట్లు దిగుతుంటే, నాలుగు నెలలుగా తను మనసులో ఎత్తి పట్టుకున్నది నిజాయితీ కాదని, తన చేతిపని మీద తనకున్న టెక్కు అని తోచింది. ఆ టెక్కు ఖరీదు ఇంకొకరి మీద పడింది.

శనివారం పదింటికే షెడ్డు ముందు ఇరవై బళ్ళు ఆగాయి. కుర్చీలు వేశారు. మైకు పెట్టారు. గోడ మీద కొత్త బోర్డుకి నీలం గుడ్డ కప్పి ఉంది. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ చెల్లెల్ని చూపించి మా డాక్టరమ్మ అంటున్నాడు. రిపోర్టు కాగితం పెద్దది చేయించి స్టాండు మీద పెట్టారు. అందులో పై ఆరు నంబర్లే ఉన్నాయి. కింది నాలుగూ కత్తిరించేశారు.

ఆమె పొద్దున్నే అన్నయ్యని పక్కకి పిలవాలని రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ అతను భుజం తట్టి తర్వాత అంటూ వెళ్ళిపోయాడు. మూడోసారి ఆమే ప్రయత్నించలేదు. పక్కకి పిలిచి చెబితే పక్కనే ఉండిపోతుంది ఈ మాట.

టై మైకులో పది నిమిషాలు మాట్లాడాడు. తర్వాత ఈ బళ్ళ మీద పనిచేసిన చెయ్యి ఇదేనంటూ ఆమెని పిలిచాడు. చప్పట్లు. హారన్ అందరికన్నా గట్టిగా కొట్టాడు.

మైకు దగ్గరికి నాలుగడుగులు. గేటు దగ్గర ఎవరో లోపలికి వచ్చి ఆగడం కంటి చివర కనిపించింది. నిదానం బాబాయ్. పనిముట్ల పెట్టె కోసం వచ్చాడు.

"ఈ ఆరు బళ్ళూ నావే" అంది. "వీటిల్లో నేను టానిక్ పోయలేదు. ఒక్కసారి కూడా. డ్రమ్ములో పారబోశాను. పోసింది నిదానం బాబాయ్. ఆయన నాలుగు బళ్ళ లెక్క కత్తిరించేశారు, ఇక్కడ లేదు. ఆయన్ని సరుకు అమ్ముకున్నాడని నిన్న పంపేశారు. పోసినాయన దొంగ అయ్యాడు. పోయని నాకు చప్పట్లు కొడుతున్నారు."

అన్నయ్య స్టాండు మీది కాగితం వైపు చూశాడు. టై నవ్వుతూనే ముందుకొచ్చి, మేడమ్‌కి పెద్దాయన మీద అభిమానమని, పని పోయిందని కాపాడుతున్నారని, అర్థం చేసుకోవాలని జనానికి చెప్పాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "పది డబ్బీల్లోనూ ఇంకా ఆయిలు మిగిలే ఉంటుంది. మీరు ఇనుము వెతికారు. ఇప్పుడు మీ సరుకు వెతికించండి. నా ఆరింటిలో దొరికితే నేనే గేటు దాటి వెళ్ళిపోతాను."

"ఆ అవసరం లేదు మేడమ్."

"ఎందుకు లేదు?"

అది అడిగింది ఆమె కాదు. అన్నయ్య. టై టేబుల్ మీది కాగితాలు సర్దుకుంటూ, దానికి వేరే పద్ధతులు ఉన్నాయని, పైవాళ్ళు ఒప్పుకోవాలని, ఇలాంటి వాతావరణంలో మాట్లాడలేమని అన్నాడు. అన్నయ్య అతన్నే చూస్తున్నాడు. మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు, ఈసారి ఇంకా మెల్లగా. టై పెట్టె మూసి, సోమవారం ఫోను చేస్తానని చెప్పి కారెక్కాడు. నీలం గుడ్డ విప్పకుండానే వెళ్ళిపోయాడు.

అప్పుడు లేచింది హారన్ గొంతు. అయితే నేను డబ్బు కట్టిన సీసా నువ్వు డ్రమ్ములో పోశావా అని అడిగాడు. అవునంది. నా సీసా పారబోయడానికి నువ్వెవరివని అడిగాడు. తప్పేనంది. అతనొక్కడే కాదు, ఇంకో నలుగురు లేచారు. ఆమె నిజం చెబితే జనం సీసాల మీద మండిపడతారనుకుంది. వాళ్ళు మండిపడింది ఆమె మీద. అది పోస్తే బండి చెడిపోతుందా అని ఎవరో అడిగారు. చెడిపోతుందని తను అనడం లేదని, పోయకపోయినా ఏమీ కాలేదని మాత్రం కాగితం మీద ఉందని చెప్పింది. అన్నయ్య లేచి, పారబోసిన సీసాలకి బదులు కొత్తవి ఇప్పుడే ఇచ్చేస్తానన్నాడు.

హారన్ సీసా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పొయ్యి."

"నీ బండి ఇన్నాళ్ళూ ఇది లేకుండానే మెత్తగా నడిచింది కదా."

"అయినా సరే. నా కళ్ళ ముందు పొయ్యి."

అతని బండి, అతని సీసా. ఆమె బానెట్ ఎత్తి, గరాటు పెట్టి, చివరి చుక్క దాకా పోసింది. హారన్ ఇంజిన్ స్టార్ట్ చేసి, తల వాల్చి కాసేపు విన్నాడు. "చూశారా, ఇంకా మెత్తబడింది" అన్నాడు అందరితో. ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వుతో బిగుసుకున్న గాలి కాస్త సడలింది. కొందరు సీసాలు తీసుకుని వెళ్ళారు, కొందరు వద్దని అక్కడే పెట్టేసి వెళ్ళారు. అరగంటలో కుర్చీలు మిగిలాయి, వాటి మధ్య నలుగురైదుగురు మిగిలారు.

నిదానం ఇంకా గేటు పక్కనే ఉన్నాడు. పనిముట్ల పెట్టె చేతిలోకి వచ్చేసింది. పాల వ్యాను మనిషి అతని పక్కన నిలబడి, సర్వీసు ఇవాళే కావాలి, రేపు పాలు ఎలా వేయనని గొణుగుతున్నాడు.

అన్నయ్య వాళ్ళ దాకా వెళ్ళాడు. ఏం చెప్పాలో తోచక వ్యాను టైరు వంక చూశాడు.

"బాబాయ్, ఈ వ్యాను చూడు."

నిదానం పెట్టె దింపలేదు. "టానిక్ పోయమంటారా, వద్దంటారా?"

"నీకెలా తోస్తే అలా చెయ్యి."

"నాకు తోచినట్టు చేసినందుకు కాదు కదా నన్ను పొమ్మన్నది. మీరు చెప్పినట్టు చేసినందుకు. చెప్పండి."

మిగిలిన నలుగురూ ఇటే చూస్తున్నారు. అన్నయ్య గోడ మీది నీలం గుడ్డ వైపు చూశాడు. వీధి చివర అద్దాల సర్వీసు సెంటరు వైపు చూశాడు. చెల్లెలి వైపు మాత్రం చూడలేదు.

"వద్దు" అన్నాడు.

"వ్యాను ఆయనకి కూడా వినపడాలి."

అన్నయ్య గొంతు పెంచాడు. "టానిక్ వద్దు. ఆయిలు, ఫిల్టరు మార్చు. నిన్న నేనన్నది తప్పు."

నిదానం ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత పెట్టె దింపి, మూత తెరిచి, పద్నాలుగో నంబరు స్పానరు ఏరుకున్నాడు. వ్యాను కిందికి నడుం వాల్చి, భుజాలతో జరుగుతూ లోపలికి వెళ్ళాడు. చెప్పులు మాత్రం బయట మిగిలాయి.

ఆమె కాసేపు చూసింది. ఎవరూ పిలవలేదు. గోడకి తగిలించిన చేతిలైటు తీసుకుని, ఇస్త్రీ చుడీదారుతోనే నేల మీద వెల్లకిలా పడుకుని, వ్యాను కిందికి జరిగింది. పాత ఆయిలు దింపే డ్రెయిన్ బోల్టు మీద వెలుగు పడేలా లైటు పట్టుకుంది.

"ఇంకొంచెం ఎడమకి" అన్నాడతను.

జరిపింది. బోల్టు కదిలింది. అతను దాన్ని వేళ్ళతో చివరి చుట్టు దాకా నిదానంగా తిప్పుతుంటే, ఆమె చెయ్యి కదలకుండా పట్టుకుని చూస్తూ ఉంది.